మేమ్యో వెళ్ళొస్తామన్నందుకు

వానలు వెనక్కి తగ్గిన అక్టోబరు నెలలో ఒక పొద్దున్న అహరోను టీ గ్లాసు పట్టుకుని గోడ మీది బర్మా పటం ముందు నిలబడ్డాడు. రంగూన్‌లో, పజుండౌంగ్ పేటలో, మేడ మీద రెండు గదుల ఇల్లు అతనిది. సేక్కాన్ రేవులో ప్రభుత్వ గోదాముకి గుమస్తా. దేశంలో ఉన్న ఊళ్ళ పేర్లన్నీ బస్తాల మీద చదివి చదివి అతనికి కంఠతా వచ్చు. సరదాకి కాలు పెట్టిన ఊరు మాత్రం ఒక్కటీ లేదు. ఆ నెలాఖరుకి అతనికీ ఏంజెలీనాకీ పెళ్ళయి పాతికేళ్ళు. నాలుగు రోజులు ఇద్దరే ఎక్కడికైనా వెళ్ళి రావాలన్నది ఖాయమైంది. ఎక్కడికన్నదే తేలలేదు.

"మౌల్మీన్ ఎల్దామేటి? మా తమ్ముడు మొన్నే కబురంపినాడు," అన్నాడు.

"మీ తమ్ముడింటికా? ఆళ్ళింట్లో ఎనమండుగురు. నేనెల్లి నాలుగు రోజులూ వొండి వార్చి రావాల. దానికి రైలెక్కడం దేనికి? పొయ్యి ఇక్కడుంది, నేనిక్కడున్నాను."

"పోనీ బసీన్. సముద్రం దగ్గర."

"సముద్రం దగ్గరో కాదో గానీ మన పిల్లకి దగ్గర. ముగ్గురు మనవలకీ నీళ్ళు పోసి, జడలేసి, జోలపాడి వొచ్చీడమేనా మన పెళ్ళి పండగ?"

"పెగూ?"

"పెగూలో మా పిన్ని కొడుకున్నాడు. మనం బండి దిగే పాటికి స్టేషన్లో ఉంటాడు. కడుపు కోసిన కాణ్ణించీ కుట్లిప్పిన కాడికీ ఆ ఆపరేషను కతంతా మళ్ళా సెప్తాడు."

అహరోను వేలు పటం మీద పైకి పాకింది. మాండలేలో మేనత్త. టౌంజీలో పెదనాన్న మనవరాలు. ఇంత దేశంలో చుట్టం లేని ఊరు లేకుండా తమవాళ్ళు ఎలా సర్దుకున్నారా అని ఆశ్చర్యపోతూ, మాండలే దాటి కొండల మీదికి పోయి ఒక చుక్క దగ్గర ఆగాడు.

"మేమ్యో," అన్నాడు.

ఇద్దరూ కాసేపు ఆలోచించారు. ఎవరూ గుర్తు రాలేదు.

"బాగా తలుసుకోండి. మీవోళ్ళు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తారు."

"ఎవరూ లేరే. నీ మీదొట్టు."

"అయితే మేమ్యోయే!" అంది ఏంజెలీనా. అని, మంచం కింద ఉన్న ట్రంకుపెట్టె లాగింది. అందులో ఆమె పెళ్ళికి మిషను దొరసాని ఇచ్చిన ఎర్ర స్వెట్టరు, కలరా ఉండల మధ్య పాతికేళ్ళుగా పడి ఉంది. రంగూన్ ఉక్కపోతలో దాన్ని తొడుక్కునే యోగం ఆ మహాతల్లికి ఒక్క రోజూ పట్టలేదు. నలభై ఆరేళ్ళ జీవితంలో ఆమెకి జ్వరం వచ్చినప్పుడు తప్ప చలి వెయ్యలేదు.

అహరోను మాట ఇవ్వడం ఇది మొదటిసారి కాదు, నాలుగోసారి. పెళ్ళయిన కొత్తలో టిక్కెట్లు కొన్నాక అతని తండ్రి మంచమెక్కాడు. రెండోసారి వెళ్దామనుకున్న వారంలోనే అతను పనిచేసే కంపెనీని ప్రభుత్వం తీసేసుకుంది. పోయినేడు మూటలు కట్టుకుని కూర్చున్నాక, విద్యార్థుల గొడవలు పెచ్చుమీరి ఊరంతా సైన్యం దిగింది. మూడుసార్లూ ఏంజెలీనా కిక్కురుమనకుండా మూటలు విప్పేసింది. ఈసారి మాత్రం స్వెట్టరు దులుపుతూ, "ఇదిగో, ఇప్పుడే సెప్తన్నాను. ఈ పాలి గానీ ఆగిపోనామంటే నన్ను మరెక్కడికీ రమ్మనద్దు. సమాధుల తోటక్కూడా నేనొక్కదాన్నే నడిసెల్తాను," అంది. ఆ మాట ఆమె నవ్వుతూ అనలేదు. అహరోను టీ మిగిలినది తాగలేక గ్లాసు కింద పెట్టేశాడు.

టిక్కెట్లు కొనడం అయింది. పై శనివారం కాక ఆ మరుసటి శనివారం పొద్దున్న మాండలే బండికి. ఇక కోళ్ళని ఎవరికైనా అప్పజెప్పాలి. ఏంజెలీనా మూడు పెట్టల్నీ గంపలో పెట్టుకుని కింది వాటాలోకి దిగింది. అక్కడ వెంకాయమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. ఆవిడ మొగుడు అచ్చెన్నకి వీధి చివర లేతు మిషను షెడ్డుంది. మతాలు వేరైనా రెండు కుటుంబాలకీ ఇరవై ఏళ్ళ స్నేహం. వెంకాయమ్మది పాలలాంటి మనసు. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

"వదినా, నాలుగు రోజులు మా కోళ్ళకి కాసిన్ని నూకలేత్తావా? మేమ్యో ఎల్లొస్తాం."

చేట ఆగిపోయింది. "మేమ్యోకా? ఎవలున్నారు వదినా అక్కడ?"

"ఎవలూ లేరు."

"మరేటి పని?"

"పనీ లేదు, పాటా లేదు. ఊరికినే. గాలి మార్పుకి."

వెంకాయమ్మ ఏంజెలీనా మొహంలోకి ఒకసారి చూసింది, కోళ్ళకేసి ఒకసారి చూసింది. "సరే వదినా. ఎల్లిరండి. ఈటి సంగతి నాకొగ్గీ," అని చేటలోకి తల వంచుకుంది. ఏంజెలీనా మెట్లెక్కేసరికి ఆ బియ్యం తడిసిపోయాయి.

ఇక్కడ పజుండౌంగ్ తెలుగు వాళ్ళ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. దుకాణాలు, కంపెనీలు ప్రభుత్వపరమైన దగ్గర్నుంచీ ఏడాదికి పదీ పదిహేను కుటుంబాలు ఓడెక్కి ఇండియా పోతున్నాయి. పోయేవాళ్ళెవరూ పోతున్నామని చెప్పరు. చెబితే దిష్టి తగులుతుందని, పై వాళ్ళకి తెలిసి కాగితాలు ఆగిపోతాయని, ఇల్లు ఎవరో కబ్జా చేస్తారని భయం. అందుకని ఏదో ఊరి పేరు చెప్పి వెళ్ళొస్తామని రైలో పడవో ఎక్కి, దారిలో దిగి ఓడరేవుకి పోతారు. కూర్మనాథం పెగూలో మావగారిని చూసొస్తానని పోయాడు. పొయ్యి మీద ఎసరు కూడా దించలేదు. నెల తిరిగాక శ్రీకాకుళం నుంచి కార్డు వచ్చింది. వీరన్న అయితే చేపల బుట్ట చేత్తో పట్టుకుని, ఏటి అవతలి దలాకి పడవెక్కి సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు. పలాస నుంచి ఉత్తరం రాశాడు. అలా పోయిన వాళ్ళని తలుచుకుని పేటలో అందరికీ ఒకటే బాధ: కళ్ళ ముందే పోయారు, ఆఖరికి ఒక్కసారి కావలించుకుని ఏడవనైనా లేదు. ఈసారి ఎవరినీ అలా జారిపోనివ్వకూడదని పేట మొత్తం మనసులో గట్టిగా అనుకుని ఉంది. అలాంటి చోట, చుట్టం గానీ పని గానీ లేని ఊరికి, కోళ్ళు అప్పజెప్పి వెళ్ళొస్తామంటే ఏమనుకుంటారు మరి?

పాతికేళ్ళ గుర్తుగా ఫోటో తీయించుకుందామని ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాలు స్టూడియోకి వెళ్ళారు. ఫోటోగ్రాఫరు అప్పటికే దుకాణం కట్టేస్తూ, రేపు రండన్నాడు. ఉసూరుమంటూ బయటికొస్తుంటే ఎదురుగా అచ్చెన్న సైకిలు మీద పోతూ చూశాడు. చూసినవాడు పలకరించలేదు. సైకిలు వెనక్కి తిప్పి ఇంటికి పోయి, "ఇద్దరూ ఫోటోలు దిగినారే. నా కళ్ళతో సూసినాను. ఒకళ్ళ మొగాన్నయినా నవ్వులేదు. అయి పాస్‌పోర్టు ఫోటోలే," అని తేల్చేశాడు. మర్నాటికి ఆ సంగతి పేట చివర వాగు ఒడ్డు దాకా పాకింది.

టీకొట్టులో అహరోను అచ్చెన్నని పట్టుకున్నాడు. "ఏటి బావా, మేం ఇండియా పోతన్నామని ఎవరో అంటన్నారు?"

"ఎవరన్నారు? పళ్ళు రాల్తాయి ఆళ్ళకి," అన్నాడు అచ్చెన్న, అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తూ. "మీరెల్లేది మేమ్యోకే. నాకు తెల్దేటి?"

"నిజంగా మేమ్యోకే బావా!"

"అవునవును, మేమ్యోకే. నేనెవరికీ సెప్పను."

"సెప్పు! అందరికీ సెప్పు! నాలుగు రోజుల్లో వొచ్చెస్తామని సెప్పు!"

అచ్చెన్న కళ్ళు చెమ్మగిల్లాయి. అహరోను భుజం మీద చెయ్యి వేసి, "ఎంత గుండె నిబ్బరం బావా నీకు. కూర్మనాథం కూడా ఇలాగే నవ్వుతా సెప్పినాడు," అని టీ డబ్బులు తనే ఇచ్చేశాడు. ఇరవై ఏళ్ళలో అచ్చెన్న టీ డబ్బులివ్వడం అదే మొదలు. అహరోనుకి అప్పుడు మొదటిసారి భయమేసింది.

ఆదివారం గుడిలో ప్రయాణాలు పెట్టుకున్నవాళ్ళు లేచి నిలబడితే పాస్టరు ప్రార్థన చెయ్యడం వాళ్ళ సంఘంలో అలవాటు. అహరోను దంపతులు లేచి నిలబడ్డారు. పాస్టరు ఎడ్విన్ రాజు గారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. "ప్రభువా, నీ బిడ్డలు మేమ్యో వెళ్తున్నారు. వారెక్కే ఓడకి గాలివాన తగలకుండా కాపాడు. కెరటాలను అణచు. ఒడ్డు చేరాక ఆ కొత్త దేశంలో వారికి నిలవ నీడ చూపించు."

అహరోను ఒక కన్ను తెరిచాడు. మేమ్యోకి ఓడేమిటని అడగాలనుకున్నాడు. ప్రార్థన మధ్యలో నోరు విప్పడం పాపం. ఆమెన్ అయ్యాక విప్పుదామనుకుంటే, అప్పటికే ఆడవాళ్ళంతా ఏంజెలీనా మీద పడి భోరుమంటున్నారు. ఆమె ఊపిరాడక, "ఏటమ్మా ఇది, నాలుగు రోజులకే!" అంటోంది. ఆ 'నాలుగు రోజులు' అన్న మాట వినపడ్డప్పుడల్లా ఏడుపు ఇంకా పెరుగుతోంది.

ఆఫీసులో కథ వేరుగా ఏమీ లేదు. పై అధికారి ఊ తెయిన్ మంచివాడు. నాలుగు రోజుల సెలవు చీటీ మీద సంతకం పెట్టి, లేచి నిలబడి, రెండు చేతులతో అహరోను చెయ్యి పట్టుకున్నాడు. "ఊ అహరోనూ, మీరేమీ చెప్పద్దు. నేనేమీ అడగను," అన్నాడు బర్మీసులో, పేరు ముందు గౌరవంగా 'ఊ' చేర్చి. మధ్యాహ్నం గుమస్తాలంతా కలిసి ఊరవేసిన తేయాకు, వేయించిన పప్పులు పళ్ళెంలో పెట్టి విందు చేశారు. విందు అయ్యేలోగా అతని కుర్చీలో కొత్త కుర్రగుమస్తా కూర్చుని, అతని సొరుగులో తన దువ్వెన పెట్టుకున్నాడు.

అందరికన్నా మేనల్లుడు టోనీ ఘనుడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బుధవారం సాయంత్రం టేపు పట్టుకుని దిగాడు. ఫెయిత్‌తో కొత్తగా పెళ్ళయింది. అత్తారింట్లో ఒక్క గది, మధ్యలో దుప్పటి అడ్డం, అవతల మరదళ్ళు. కుర్రాడి ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే.

"మావయ్యా, ఈ గోడకి మేకు దిగుతుందా?"

"దేనికిరా?"

"ఊరికే. ఫెయిత్‌కి పెద్దద్దం ఉంది." కిటికీ కొలత తీసి చేతి మీద రాసుకున్నాడు. "మీరు ఎల్లినాక ఇల్లు కాళీగా ఉంటే వార్డు కమిటీవోళ్ళు ఇంకెవరికో ఇచ్చెస్తారు. మనోళ్ళకుంటే మంచిది కదా?"

"నాలుగు రోజులకి కాళీ ఏటిరా? మంగళారానికి మేం వొచ్చెస్తాం!"

"రబాదే మావయ్యా, రబాదే," అన్నాడు టోనీ. పర్లేదు, పర్లేదు అంటూ వంటింటి గుమ్మం కూడా కొలిచేశాడు.

ఆ పూట అహరోను భార్య దగ్గర కూర్చుని, చిలికి చిలికి గాలివాన అయ్యేలా ఉంది, పోనీ ఈసారికి ఆపేద్దామా అని నెమ్మదిగా అనబోయాడు. ఏంజెలీనా స్వెట్టరుకి ఊడిన గుండీ కుడుతోంది. తల ఎత్తలేదు. సూది మాత్రం ఆగింది. అహరోను దగ్గు వచ్చినట్టు దగ్గి, "చలి బాగా ఉంటుందట," అన్నాడు.

శనివారం తెల్లవారాక ఇద్దరూ ఒక ట్రంకుపెట్టె, ఒక సంచీతో సైకిలు రిక్షా ఎక్కారు. వీధంతా తలుపులు వేసి ఉన్నాయి. కుక్క తప్ప ఎవరూ లేరు. "హమ్మయ్య, అందరికీ బుద్ధొచ్చినట్టుంది," అనుకున్నాడు అహరోను. స్టేషనుకి చేరాక తెలిసింది, వీధి ఎందుకు ఖాళీగా ఉందో. మంచం పట్టినవాళ్ళు తప్ప పేట మొత్తం ప్లాట్‌ఫారం మీదే ఉంది. సంఘంవాళ్ళు తెల్లబట్టల్లో ఒక పక్క, అచ్చెన్న తాలూకు హిందువులు మల్లెదండలతో ఇంకో పక్క. అహరోను దంపతులు కనబడగానే పాటల బృందం ఎత్తుకుంది. అది మామూలుగా సమాధుల తోటలో పాడే పాట.

"ఏటిది? ఎవరు పోయినారు?" అంది ఏంజెలీనా తెల్లబోయి.

"మనమే," అన్నాడు అహరోను.

ఆ తరవాత పొట్లాలు మొదలయ్యాయి. "ఇది బొబ్బిలిలో మా పెద్దమ్మకి", "ఇది టెక్కలిలో మా అప్పకి, ఎండు రొయ్యలు, బద్రం", "ఈ చెప్పులు విజయనగరంలో మా బావకి, కొలత సరిపోకపోతే ఆడి తమ్ముడికి" అంటూ ఒక్కొక్కరూ ఒడిలో పడేస్తున్నారు. ప్రతి పొట్లం మీదా పేరు, ఊరు. వెంకాయమ్మ వెక్కుతూ ఒక టిఫిను క్యారేజీ ఏంజెలీనా చేతికిచ్చింది. "దారిలో తినండి వదినా. మీ సేతులతో పెంచుకున్నయి కదా, ఇంకెవలి నోట్లోకీ ఎల్లకూడదని మూడూ వొండీసినాను. ఒక్క ముక్కయినా మేం ముట్టలేదు. మీదొట్టు."

ఏంజెలీనా క్యారేజీ మూత ఎత్తి చూసింది. "మూడూనా?" అంది.

ఆ రోజుల్లో ఊళ్ళో ఇంకా సైనిక శాసనం. ఐదుగురికి మించి ఒక చోట గుమిగూడకూడదు. అలాంటిది రైల్వే ప్లాట్‌ఫారం మీద ఇంత జనం పాటలు పాడుతూ ఏడుస్తుంటే పోలీసులు ఊరుకుంటారా? ఈలలు మోగాయి. జనం చెదిరారు. దండలు ఎవరి మెళ్ళో ఉన్నాయో వాళ్ళే నాయకులన్నట్టు, అహరోనునీ ఏంజెలీనానీ పొట్లాలతో సహా స్టేషను గదిలోకి తీసుకుపోయారు. అక్కడ నడివయసు ఇన్‌స్పెక్టరు ఒకాయన తాపీగా కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు బర్మీసులో.

"మేమ్యోకి."

"దేనికి?"

"గాలి మార్పుకి. నాలుగు రోజులు."

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. స్తంభం వెనక పాస్టరు గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. "నాలుగు రోజుల గాలి మార్పుకి ఇంతమంది ఏడుస్తారా?" అని, ఒక పొట్లం ఎత్తి దాని మీది పేరు పక్కనున్న తెలుగు తెలిసిన మనిషి చేత చదివించుకున్నాడు. "విజయనగరం. ఇది మేమ్యోలో ఏ వీధి?"

అహరోను నోరు తెరిచాడు. ఏం చెప్పినా గోరుచుట్టు మీద రోకటిపోటే. ఆనవాయితీ సంగతి మొదలుపెట్టి, కూర్మనాథం దగ్గర్నుంచీ చెప్పుకొచ్చాడు. వీరన్న చేపలబుట్ట దగ్గరికి వచ్చేసరికి బయట రైలు కూత వేసింది. ఏంజెలీనా లేచి నిలబడింది. బండి కదిలింది. పెట్టెలన్నీ ఒక్కొక్కటే కిటికీ ముందు నుంచి దాటుకుంటూ పోయాయి. ఆమె తిరిగి కూర్చుని, మెళ్ళో దండ తీసి, మడత పెట్టి బల్ల మీద పెట్టింది. అది చూసి అహరోను మనసులో లెక్కపెట్టుకున్నాడు. నాలుగోసారి. ఈసారి జబ్బూ లేదు, సైన్యమూ లేదు. తమ మీద జనానికున్న ప్రేమే బండి తప్పించింది. ఎవరిని తిట్టుకోవాలో తెలియక అతనికి ఏడుపొచ్చింది.

కథంతా విన్నాక ఇన్‌స్పెక్టరు నవ్వాపుకోలేకపోయాడు. మనిషి చెడ్డవాడు కాదు. తనే లేచి వెళ్ళి, ఆ టిక్కెట్ల మీద పై శనివారం తారీకు వేయించి తెచ్చాడు. "మళ్ళీ వారం రండి. ఈ జనాన్ని మాత్రం తీసుకురాకండి," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి గోడకి పెద్దద్దం వేలాడుతోంది. టోనీ స్టేషన్లో అందరికన్నా ముందు ఏడ్చి, అందరికన్నా ముందు వచ్చేశాడు. ఫెయిత్ కొత్త కుంపటి వెలిగించి, గుమ్మంలో ఉన్నవాళ్ళని చూసి గాభరాగా నవ్వి, "రండత్తా, కూసోండి. టీలోకి పంచదార ఎంతెయ్యమంటారు?" అని అడిగింది. ఏంజెలీనా తన ఇంట్లో తన పీట మీద చుట్టంలా కూర్చుని, రెండు చెంచాలంది. ఇంటికొచ్చాక ఆ రోజంతా ఆమె మాట్లాడిన మాటలు అవే.

మర్నాడు ఆదివారం గుడిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకునే సమయమది. సాధారణంగా పంటినొప్పి తగ్గినవాళ్ళు లేస్తారు. ఆ రోజు ఏంజెలీనా లేచింది. అహరోను చెయ్యి పట్టుకుని లాగబోయాడు. ఆమె విదిలించుకుంది.

"సంఘానికి వొందనాలు," అంది. "మేం మేమ్యో ఎల్తన్నామని సెప్పినాం. అబద్దమాడినాం. మీరే సరిగ్గా కనిపెట్టినారు. దాచినందుకు సమించండి. మేం ఇండియా ఎల్లిపోతన్నాం. వొచ్చే శనారం పొద్దున్న బండికి. మరింక రాం."

గుడిలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. అహరోనుకి చెమటలు పోశాయి. ఎడ్విన్ రాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంతలో వెనక వరసలో ఎవరో ముసలాయన కిసుక్కున నవ్వాడు. పక్కాయన అందుకున్నాడు. క్షణంలో గుడంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"ఎల్లేవోళ్ళు ఎక్కడైనా సెప్పెల్తారేటి?" "పోలీసోళ్ళు జడిపించేసుంటారు, పాపం. ఇంకెక్కడికెల్తారు?" "కోపం మీదంటన్నాది, ఒగ్గీయండి." అందరి మొహాలూ వికసించాయి. పాస్టరు గారు కూడా చిరునవ్వుతో, "కోపము దిగేవరకు ఆ సోదరిని ఎవరూ కదిలించవద్దు," అని తరవాతి పాట ఎత్తుకున్నారు.

గుడి బయటికి రాగానే అహరోను, "ఏటే ఆ మాటలు? దేవుడి గుళ్ళో అబద్దమా?" అన్నాడు.

"నిజం సెప్తే ఏటయిందో సూసినారు కదా. దేవుడితో నేను మాటాడుకుంటాను. మీరు మద్దిలో రాకండి."

దేవుడి సంగతేమో గానీ, ఆ మాట మందులా పనిచేసింది. ఇండియా పోతామని వాళ్ళే అంటున్నారు కాబట్టి ఇక పోరని అచ్చెన్న టీకొట్టులో తీర్పు చెప్పాడు. సోమవారం టోనీ దిగాలుగా అద్దం విప్పుకుని అత్తారింటికి పోయాడు. ఊ తెయిన్ కుర్చీ ఖాళీ చేయించాడు. పొట్లాలు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. వెంకాయమ్మ సంతలో మూడు కోడిపెట్టలు కొని తెచ్చి, "కాస్త బక్కయి వదినా. మేపుకో," అని మొహం చాటేసింది. శుక్రవారం ఏంజెలీనా వాటిని తిరిగి ఆవిడ దగ్గరికే పట్టుకెళ్ళి, "రేపు ఇండియా ఎల్తన్నాం కదా, నూకలెయ్యి. ఈ పాలి వొండకు," అంటే, వెంకాయమ్మ పకపకా నవ్వి, "ఎల్లెల్లు, సూసినాంలే," అంది.

శనివారం ప్లాట్‌ఫారం మీద పోర్టర్లు, ఇన్‌స్పెక్టరు తప్ప ఎవరూ లేరు. ఇన్‌స్పెక్టరు దూరం నుంచే చెయ్యి ఊపాడు. అహరోను కిటికీ పక్క సీటు భార్యకిచ్చి, కాళ్ళు బార్లా జాపుకుని, జన్మలో మొదటిసారి అన్నమాట నిలబెట్టుకున్న మగాడిలా కూర్చున్నాడు. రైలు కూత వేసింది. ఏంజెలీనా మాత్రం తల బయట పెట్టి గేటు వైపే చూస్తోంది. బండి కదిలి, ప్లాట్‌ఫారం అయిపోయి, పట్టాల పక్కన గుడిసెలు కూడా దాటిపోయాక తల లోపలికి తీసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏటే? ఏటయింది?" అన్నాడు అహరోను హడలిపోయి.

"ఒక్కరొచ్చినారా?" అంది ఏంజెలీనా. "పాతికేళ్ళు కలిసున్నాం. ఇండియా ఎల్లిపోతన్నాం, మరి రామని గుళ్ళో నిలబడి సెప్పినాను. ఒక్కరంటే ఒక్కరు వొచ్చినారా?"

"రాకూడదనే కదే సెప్పినావు!"

"సెప్పినాను. అయితే? నమ్మకపోతే మాత్రం రాకూడదేటి? నిజంగా ఎల్లిపోతుంటే? ఆ వెంకాయమ్మయినా! మంచినీళ్ళ సీసా అయినా పట్టుకొచ్చిందా?"

మేమ్యోలో చలి చెప్పినదానికన్నా బాగా ఉంది. బస వరండాలో పొద్దున్నే ఎర్ర స్వెట్టరు తొడుక్కుని, చేతిలో వేడి టీతో ఏంజెలీనా మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వస్తోంది. ఎదురుగా కొండల నిండా పసుప్పచ్చ పూలు. అహరోను చూడమన్నప్పుడల్లా ఆమె ఒకసారి చూసి, బాగున్నాయని చెప్పి, ఆపిన చోట మళ్ళీ అందుకుంటోంది.

ఆ నాలుగు రోజుల ఏకాంతంలో దంపతులిద్దరూ మాట్లాడుకున్నదంతా వెంకాయమ్మ గురించే.